పొగను చూసి నిప్పు, మబ్బును చూసి వాన

తర్కశాస్త్రం మొదలుపెట్టిన విద్యార్థికి గురువు ముందుగా ఒక కొండను చూపిస్తాడు. నిజం కొండ కాదు, మాటల్లో కొండ. దాని మీద పొగ లేస్తోంది. పొగ ఉంది కనుక నిప్పు ఉంది. వంటింట్లో రోజూ చూస్తున్నదే కదా. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’లో అనుమాన ప్రమాణం ఈ కొండ మీదే నిలబడింది. మందబుద్ధి శిష్యుడికి కూడా ఈ పాఠం ఇట్టే పట్టుబడుతుంది. నిప్పు లేనిదే పొగ రాదన్న సంగతి బడికి రాకముందే ఇంట్లో విని ఉంటాడు.

అన్నంభట్టుకు వెయ్యేళ్లకు పైగా ముందు, గౌతముడి న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు మరో ఉదాహరణ ఇచ్చాడు. మబ్బులు కమ్ముకొచ్చాయి, కాబట్టి వాన పడబోతోంది. కారణాన్ని చూసి కార్యాన్ని ఊహించే ఈ పద్ధతికి పూర్వవత్తు అని పేరు. ఏరు పొంగింది కాబట్టి ఎగువన వాన పడి ఉంటుందనుకోవడం దీనికి తిరగేసిన దారి, అది శేషవత్తు. పొగ నుంచి నిప్పుకు వెళ్లడమూ వెనక్కి నడవడమే. మబ్బు నుంచి వానకు వెళ్లడం ముందుకు నడవడం. ముందుకు నడిచే దారి ఎప్పుడూ కాస్త ప్రమాదమేనని నైయాయికులకూ తెలుసు. మధ్యలో గాలి వచ్చి మబ్బును ఎగరగొట్టవచ్చు.

వాళ్ల ఉదాహరణల్లో పొగ ఒక కొండ మీద, మబ్బు వేరే ఆకాశంలో విడివిడిగా ఉండేవి. ఆ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఏమవుతుందన్నది గత అరవై ఏళ్లుగా వాతావరణ శాస్త్రవేత్తలు తేల్చుకోవడానికి తంటాలు పడుతున్న ప్రశ్న. పాత తర్కమూ పాత ధర్మమూ రెండూ అక్కడ తడబడతాయి.

2019 డిసెంబరు 31. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు తూర్పు కొసన మల్లకూటా అనే చిన్న తీర పట్టణం. వేసవి సెలవులకు వచ్చినవాళ్లతో కలిపి దాదాపు నాలుగు వేల మంది ఆ ఉదయం సముద్రం ఒడ్డుకు చేరారు. ఊరికి వచ్చే దారి అటూ ఇటూ మంటలతో మూసుకుపోయింది. తెల్లవారాల్సిన వేళకు ఆకాశం నల్లబడింది, తర్వాత ఎర్రబడింది. కొందరు పడవలెక్కి నీళ్లలోకి వెళ్లి కూర్చున్నారు. మూడు రోజుల తర్వాత నౌకాదళం ఓడ వచ్చి వెయ్యిమందికి పైగా జనాన్ని తీసుకెళ్లింది. ఆ వారం రోజుల్లో ఆగ్నేయ ఆస్ట్రేలియా అడవుల మీద లేచినవి మామూలు పొగస్తంభాలు కావు. అవి ఉరుములు మెరుపులతో కూడిన నిండు మేఘాలు. శాస్త్రవేత్తలు వాటిని పైరోక్యుములోనింబస్ అంటారు. అగ్నిమేఘం అనుకుంటే మనకు సరిపోతుంది.

అగ్నిమేఘం పుట్టుక సూటిగానే ఉంటుంది. కార్చిచ్చు వేడికి గాలి గొట్టంలోంచి ఎగదన్నినట్టు పైకి పోతుంది. పోతూ పోతూ చల్లబడుతుంది, అందులోని తేమ నీటి బిందువులుగా మారుతుంది. తేమ నీరయ్యేటప్పుడు వేడిని విడుదల చేస్తుంది కాబట్టి మబ్బుకు మళ్లీ ఊపు వస్తుంది. అలా పది, పన్నెండు కిలోమీటర్లు ఎక్కి, అక్కడ మంచుగడ్డలై, ఒకదానితో ఒకటి రాసుకుని విద్యుత్తు పుట్టిస్తుంది. చూడటానికి జ్యేష్ఠమాసపు తొలకరి మబ్బులాగే ఉంటుంది. కింద నిలబడ్డ రైతు ఎవరైనా నాగలి సరిచూసుకుంటాడు.

కానీ కురవదు. కురిసినా చాలావరకు దారిలోనే ఆవిరైపోతుంది. పిడుగులు మాత్రం పడతాయి. 2009 ఫిబ్రవరి 7న, ఆస్ట్రేలియన్లు ‘బ్లాక్ సాటర్‌డే’ అని పిలిచే రోజున, విక్టోరియాలో 173 మంది చనిపోయారు. ఆ రోజు కిల్‌మోర్ ఈస్ట్ మంట మీద లేచిన మేఘం పిడుగులు మంట అంచుకు వంద కిలోమీటర్ల ముందు పడి కొత్త నిప్పు రాజేశాయి. 2021 జూన్ ఆఖర్లో కెనడాలోని లిట్టన్ గ్రామంలో 49.6 డిగ్రీల ఎండ కాసింది. మర్నాడే ఊరు కాలిపోయింది. అప్పుడు బ్రిటిష్ కొలంబియా, దాని పక్క ప్రాంతాల మీద ఒక్క రాత్రిలో ఏడు లక్షలకు పైగా మెరుపులు లెక్కకొచ్చాయి, అందులో అగ్నిమేఘాల వాటా పెద్దదే. ఉరుము ఉరిమి మంగలం మీద పడిందని మన సామెత. ఈ ఉరుము తనను కన్న నిప్పుకే మళ్లీ పిల్లల్ని కని ఇస్తుంది.

ఇంత నీరు మోస్తున్న మబ్బు ఎందుకు కురవదు? ఆకాశంలో నీటి ఆవిరి ఉత్తినే బిందువు కాలేదు. పట్టుకోవడానికి దానికి ఒక రేణువు కావాలి. 1880లలో స్కాట్లాండ్‌కు చెందిన జాన్ ఎయిట్‌కెన్ గాజు పాత్రల్లోకి ఆవిరిని పంపి ఈ సంగతి నిరూపించాడు: దుమ్ము లేని గాలిలో పొగమంచు పట్టలేదు. దుమ్మూ ఉప్పూ పొగా లేకపోతే మబ్బే లేదు. మన కవికి ఇది కొత్తగా అనిపించేది కాదేమో. కాళిదాసు ‘మేఘదూతం’లో మేఘాన్ని పొగ, వెలుగు, నీరు, గాలి కలిసిన ముద్ద అంటాడు, ప్రాణం లేని ఆ ముద్ద ఎక్కడ, కబురు మోయగల ప్రాణి ఎక్కడ అని యక్షుడి వెర్రిని చూసి జాలిపడతాడు. నాలుగు దినుసుల్లో మొదటిది పొగే.

తేడా అంతా పాళ్లలో ఉంది. మబ్బులోని బిందువు వెడల్పు పది, ఇరవై మైక్రాన్లు. ఒక వానచినుకు తయారు కావాలంటే అలాంటివి సుమారు పది లక్షలు కలవాలి. అవి పడుతూ ఒకదాన్నొకటి గుద్దుకుని కలుస్తాయి, కాస్త పెద్దవైతేనే ఆ గుద్దులాట కుదురుతుంది. ఉన్న నీటిని కొద్ది రేణువులు పంచుకుంటే బిందువులు లావుగా ఉంటాయి. కార్చిచ్చు పొగ ఒక్కసారిగా లెక్కలేనన్ని రేణువుల్ని తెచ్చి కుమ్మరిస్తుంది. నీరు అంతే, పంక్తిలో కూర్చున్నవాళ్లు ఎక్కువ. ఎవరి విస్తట్లోనూ కడుపు నిండేంత పడదు. 2018 వేసవిలో అమెరికా పశ్చిమ రాష్ట్రాల మీద విమానాల్లో వెళ్లి కొలిచినప్పుడు, పొగ కలిసిన చిన్న మేఘాల్లో బిందువులు సుమారు ఐదు రెట్లు ఎక్కువగా, సగం పరిమాణంలో కనిపించాయి.

ఈ ఊహ మొదట చెరకు తోటల్లో పుట్టింది. ఆస్ట్రేలియాలో చెరకు నరికే ముందు ఆకు కాల్చే అలవాటు ఉండేది. 1960లలో జె. వార్నర్, షాన్ ట్వోమీ అనే శాస్త్రవేత్తలు ఆ పొగలోకి విమానం తోలి, పొగ తగిలిన మబ్బులో బిందువులు పెరుగుతాయని చూపించారు. 1968లో వార్నర్ మరో అడుగు వేసి, కాల్చే నెలల్లో క్వీన్స్‌లాండ్‌లో పొగ వాలున వాన తగ్గిందని ఒక వ్యాసం రాశాడు. తర్వాత అతడే మిగతా చోట్ల లెక్కలు కూడా తీసి చూసి, అంత కచ్చితంగా చెప్పలేనని వెనక్కి తగ్గాడు. తన సిద్ధాంతాన్ని తానే ఖండించుకోవడం మన శాస్త్రచర్చల్లో పూర్వపక్షం చేసే పని. పూర్వపక్షమూ సిద్ధాంతమూ ఒకే మనిషి కావడం చూడముచ్చటగా ఉంటుంది.

ట్వోమీ గమనించిన రెండో సంగతి మరీ దూరం వెళ్లింది. చిన్న బిందువులు ఎక్కువైతే మబ్బు తెల్లగా మెరుస్తుంది, ఎండను ఎక్కువగా తిప్పికొడుతుంది. అంటే పొగ వానను ఆపుతూనే కింద నేలకు నీడ పడుతుంది.

అమెజాన్‌లో ఈ కథ నిలువునా కనిపించింది. అడవి నరికి కాల్చే కాలంలో 2000 తర్వాత అక్కడ చేసిన పరిశీలనల్లో, శుభ్రమైన గాలిలోని మబ్బుకు అడుగు నుంచి కిలోమీటరున్నర ఎత్తులోనే చినుకు పట్టేది. పొగ గాలిలో ఐదు కిలోమీటర్లు దాటితేగానీ పట్టలేదు. నేరుగా మంట మీద లేచిన మబ్బులో ఏడు కిలోమీటర్లు దాటాల్సి వచ్చింది. అంత ఎత్తుకు ఎక్కిన మబ్బు మెత్తగా కురవదు, వడగళ్లతో విరుచుకుపడుతుంది. ఎక్కలేని చిన్న మబ్బుల గతి ఇంకోటి. పొగలోని మసి ఎండను మింగి గాలిని వేడెక్కిస్తుంది, కింద నేల చల్లబడుతుంది, ఆవిరి పైకి లేవదు, మబ్బు పుట్టదు. పొగ లేని రోజున ఆకాశంలో 38 శాతం కప్పిన పిల్లమబ్బులు దట్టమైన పొగలో పూర్తిగా మాయమయ్యాయని ఒక అధ్యయనం లెక్క కట్టింది.

ఒకే పొగ మబ్బును పుట్టిస్తుంది, కురవనివ్వదు, కొన్నిసార్లు కుంభవృష్టిగా మారుస్తుంది, ఇంకొన్నిసార్లు పుట్టకముందే చంపేస్తుంది. నైయాయికుడు ఇక్కడ వ్యాప్తి, అంటే ఇది ఉన్నచోట అది తప్పక ఉంటుందన్న నియమం, కుదరదని పుస్తకం మూసేయాలి. కానీ అతడి సంచిలో ఇంకో పనిముట్టు ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందా? ఎర్రగా కాల్చిన ఇనుపగుండులో ఉండదు. నిప్పు పొగనివ్వాలంటే పచ్చికట్టె తగలాలి. ఆ పచ్చికట్టెకు వాళ్లు ఉపాధి అని పేరు పెట్టారు: పైకి కనబడే సంబంధం వెనుక దాగి ఉన్న షరతు. వాతావరణ శాస్త్రం ఇప్పుడు చేస్తున్నది ఉపాధుల వేటే. రేణువులు ఎన్ని, గాలిలో తేమ ఎంత, మసి ఎంత నలుపు, పొగ మబ్బు లోపల ఉందా పైన ఉందా? ఏటా ఆఫ్రికా గడ్డిభూముల్లో లేచే పొగ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా దక్షిణ అట్లాంటిక్ మీదికి కొట్టుకొస్తుంది. నల్లటి సముద్రం మీద పరుచుకుంటే ఆ పొగ భూమిని చల్లబరుస్తుంది. తెల్లటి మేఘాల చాప మీద పరుచుకుంటే, తిరిగి పోవాల్సిన ఎండను పట్టుకుని వేడెక్కిస్తుంది. దీన్ని కొలవడానికి నాసా 2016 నుంచి 2018 దాకా మూడేళ్లపాటు విమానాలు తిప్పింది. చల్లనిదీ అవును, వేడిదీ అవును, ఎక్కడి నుంచి చూస్తున్నావన్నదాన్ని బట్టి: జైనుల స్యాద్వాదం ఇంతకంటే చక్కని ఉదాహరణను ఎప్పుడూ అడగలేదు.

ఇంతవరకూ వచ్చాక భారతీయ పాఠకుడి మనసులో ఒక మాట మెదలకుండా ఉండదు. యజ్ఞం వల్ల వాన, వాన వల్ల అన్నం, అన్నం వల్ల ప్రాణులు అని భగవద్గీత మూడో అధ్యాయం చెబుతుంది. ఛాందోగ్యోపనిషత్తు ఇంకా వివరంగా, చంద్రలోకం నుంచి దిగివచ్చే జీవుడు గాలిగా, గాలి నుంచి పొగగా, పొగ నుంచి మబ్బుగా మారి, వానై కురిసి, వరిగానో నువ్వుగానో మొలకెత్తుతాడంటుంది. ఇప్పుడు సైన్సు కూడా పొగ రేణువు లేనిదే మబ్బు లేదంటోంది. ఇంకేం, హోమధూమమే మేఘబీజమని ఉపన్యాసాల్లో చప్పట్లు కొట్టించుకోవడం తెలుగునాట కొత్తేమీ కాదు.

ఆ వాదన శాస్త్రానికీ న్యాయం చేయదు, శాస్త్రాలకూ న్యాయం చేయదు. ఒక పెద్ద కార్చిచ్చు పొగే మబ్బును కురవనివ్వడం లేదంటుంటే, పొగ వల్ల వాన అని ఏ ముఖంతో అంటాం? పోనీ ఇది ఆధునికుల అడ్డుపుల్ల అనుకుందాం. మీమాంసకులు యాగానికి ఇచ్చిన నిర్వచనంలో పొగ లేదు. ద్రవ్యం, దేవత, త్యాగం, ఈ మూడే ఉన్నాయి. దేవతను ఉద్దేశించి నాది అనుకున్నదాన్ని వదులుకోవడం యాగం. గీతలోని ఆ శ్లోకానికి భాష్యం రాస్తూ శంకరాచార్యులు యజ్ఞమంటే ఇక్కడ అపూర్వం, కంటికి కనబడని శక్తి, అని అర్థం చెప్పారు. అగ్నిలో వేసిన ఆహుతి సూర్యుణ్ణి చేరుతుందని, సూర్యుడి నుంచి వాన వస్తుందని మనుస్మృతిని తోడు తెచ్చుకున్నారు. హోమగుండాన్ని పొగగొట్టంగా మార్చి గర్వపడటం ఆయన చేయని పని.

నిజంగా పొగ వేసి వాన పిలిచిన సందర్భం తెలుగువారి ఇటీవలి చరిత్రలో ఉంది, కాకపోతే దానికి ఋత్విక్కులు లేరు. 2004 తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొన్నేళ్లపాటు నడిపిన మేఘమథనం అది. రేణువుల్ని మబ్బులోకి వదిలి వాన రప్పించాలన్నదే దాని సూత్రం. ఇలాంటి పనుల్లో విమానం రెక్కలకు బిగించిన గొట్టాల్లో రసాయనాలు మండి పొగ వదులుతాయి. వెండి అయొడైడ్ అయితే మంచు పట్టడానికి, ఉప్పు అయితే చినుకు లావెక్కడానికి. అడవిపొగకూ దీనికీ తేడా ఎక్కడుంది? కొద్దిగా, తగినంత పరిమాణంలో, తగిన మబ్బులో వేయడంలో ఉంది. అయినా ఫలితం ఎంతన్నది నిరూపించడం మేఘమథనం చేసినవాళ్లకు ప్రపంచమంతటా కష్టంగానే ఉంది. వేయకపోయినా ఆ మబ్బు కురిసేదేమోనన్న అనుమానం ఎప్పుడూ వెంటాడుతుంది.

ఈ అనుమానమూ పాతదే. న్యాయసూత్రాల్లో ఒక నాస్తికుడు నిలదీస్తాడు: పుత్రకామేష్టి చేశారు, కొడుకు పుట్టలేదు, కాబట్టి వేదం అబద్ధం. గౌతముడి జవాబు: కర్మలోనో, చేసినవాడిలోనో, సాధనంలోనో లోపం ఉండి ఉంటుంది. తప్పించుకునే జవాబులా వినిపిస్తుంది గానీ, మేఘమథనం విఫలమైనప్పుడు ఇంజనీర్లు రాసే నివేదిక సరిగ్గా ఈ మూడు పేరాలే. వాన కోసం చేసే కారీరీష్టి విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. స్వర్గం వచ్చిందో లేదో చూసి చెప్పేవాడు ఉండడు, వాన మాత్రం పడిందో లేదో ఊరంతా చూస్తుంది.

నిప్పుకూ మబ్బుకూ మధ్య ఉన్న అసలు సంబంధాన్ని నిర్మొహమాటంగా చెప్పిన కథ యజ్ఞకాండలో కాదు, మహాభారతం ఆదిపర్వం చివర్లో ఉంది. నన్నయ తెలుగు ఆదిపర్వమూ ఆ ఖాండవ దహనంతోనే ముగుస్తుంది. శ్వేతకి అనే రాజుకు యజ్ఞాల పిచ్చి. పొగకు కళ్లు మండి ఋత్విక్కులు మావల్ల కాదని లేచిపోయినా వదలడు. పన్నెండేళ్లు ఏకధారగా నేయి పోయిస్తాడు. అంత నేయి తాగి అగ్నిదేవుడికి అజీర్ణం చేస్తుంది, ఒంటి రంగు పోతుంది. మందు ఏమిటని బ్రహ్మను అడిగితే ఖాండవ వనాన్ని తినమంటాడు. తినబోయిన ప్రతిసారీ ఇంద్రుడు మబ్బుల్ని పంపి ఆర్పేస్తుంటాడు, తన మిత్రుడు తక్షకుడు ఆ అడవిలో ఉన్నాడు మరి. చివరికి కృష్ణార్జునులు కాపు కాస్తారు. అర్జునుడి బాణాలు చూరులా అల్లుకుని ఒక్క చినుకును కింద పడనివ్వవు. అడవి కాలుతుంది, ప్రాణులన్నీ కాలతాయి. బయటపడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది: అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్‌ఙ్గక పక్షిపిల్లలు.

ఆకాశమంతా కమ్మిన సన్నని ముళ్ల కప్పు, దాని మీద కురవలేక వెనుదిరిగిన మబ్బు. ఈ బొమ్మను సైన్సుగా చదవాల్సిన పనిలేదు. కథకుడికి పొగ రేణువుల సంగతి తెలియదు. తెలిసిందల్లా, అతిగా చేసిన యజ్ఞం అగ్నికే జబ్బు చేస్తుందని, ఆ జబ్బుకు మందుగా ఒక అడవి పోతుందని. యజ్ఞానికీ వానకూ మధ్య గీత చెప్పిన చక్రాన్ని భారతం ఇక్కడ తెగ్గొట్టి చూపించింది. నేయి పోసిందెవరు, కాలిపోయిందెవరు అన్న ప్రశ్నను ఆ పర్వం ఎక్కడా సర్దిచెప్పదు. ఖాండవంలోని జింక శ్వేతకి పేరు విని ఉండదు.

ఆస్ట్రేలియా మంటల ఫలం ఎక్కడెక్కడికి పోయిందో చూస్తే ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. ఆ వేసవిలో 240 లక్షల హెక్టార్లకు పైగా కాలింది. మంటల్లో 33 మంది చనిపోయారు. పొగ పీల్చి పోయినవాళ్లు నాలుగు వందలకు పైనేనని వైద్య అంచనా. సిడ్నీలో పొగ ఎంత దట్టంగా కమ్మిందంటే ఆఫీసు భవనాల్లో అగ్నిప్రమాద గంటలు వాటంతట అవే మోగాయి; అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు పీల్చిందీ ఆ గాలే. ఇదంతా దగ్గరి లెక్క. దూరపు లెక్క వేరు. అగ్నిమేఘాలు దాదాపు పది లక్షల టన్నుల పొగను స్ట్రాటో ఆవరణంలోకి ఎక్కించాయి. అక్కడ వాన లేదు, కడిగేవాళ్లు లేరు. మసి ఎండను తాగి వేడెక్కి తనను తానే పైకి మోసుకుపోయింది. వెయ్యి కిలోమీటర్ల వెడల్పున ఒక పొగసుడి గిరగిరా తిరుగుతూ భూమిని చుట్టి 35 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. పొగ రేణువుల మీద జరిగిన రసాయన చర్యల వల్ల 2020లో దక్షిణార్ధగోళపు మధ్య అక్షాంశాల్లో ఓజోన్ మూడు నుంచి ఐదు శాతం తరిగిందని 2023లో శాస్త్రవేత్త సూసన్ సోలొమన్ బృందం ప్రకటించింది. ఇంకొంత పొగ దక్షిణ మహాసముద్రంలో రాలింది. అందులోని ఇనుము ఎరువై, ఆస్ట్రేలియా కంటే పెద్ద మేరలో నాచు పూసింది.

అన్నింటికంటే వింతైనది పసిఫిక్ మీద జరిగింది. ఆగ్నేయ పసిఫిక్‌లో తక్కువ ఎత్తున పరుచుకుని ఉండే మేఘాలు ఈ పొగతో మరింత తెల్లబడ్డాయి, ఎండను తిప్పికొట్టాయి, నీరు చల్లబడింది. 2020 నుంచి 2022 దాకా వరసగా మూడు శీతకాలాలు సాగిన అరుదైన లానినాకు, అంటే పసిఫిక్ నీరు మామూలు కంటే చల్లబడే స్థితికి, ఆ చల్లదనం దోహదం చేసిందని అమెరికా శాస్త్రవేత్త జాన్ ఫసుల్లో, ఆయన సహచరులు 2023లో కంప్యూటర్ నమూనాలతో చూపించారు. లానినా ఆస్ట్రేలియాకు వరదలు తెస్తుంది, తూర్పు ఆఫ్రికాకు కరవు తెస్తుంది, మనకు సాధారణంగా మంచి రుతుపవనాలు తెస్తుంది. సోమాలియాలో పశువులు చచ్చిన రైతుకూ న్యూ సౌత్ వేల్స్‌లోని ఒక యూకలిప్టస్ చెట్టుకూ మధ్య సంబంధం పూర్తిగా లేదనడానికి వీల్లేకుండా పోయింది. ఇంత అని కొలిచి చూపడానికీ వీల్లేదు.

మీమాంసకుల అపూర్వం సరిగ్గా ఇలాంటి ఖాళీని పూరించడానికే పుట్టింది. యాగం ఈ రోజు అయిపోతుంది, ఫలం ఎప్పుడో వస్తుంది. మధ్యలో ఆ శక్తిని ఎవరు మోస్తారు? కంటికి కనబడని అపూర్వం మోస్తుందన్నారు. కాలిన అడవికీ మూడేళ్ల లానినాకూ మధ్య మోసినది కంటికి కనబడింది, ఉపగ్రహాలు దాన్ని ఫొటోలు తీశాయి. అయితే ఒక్క తేడా ఉంది, అది చిన్నది కాదు. అపూర్వం యజమాని ఆత్మలో ఉంటుంది, ఫలం దారి తప్పకుండా అతడికే చేరుతుంది. పొగకు యజమాని లేడు. చేసినవాడికే చేరాలన్న కర్మ సిద్ధాంతపు లెక్కల పుస్తకంలో ఈ పద్దు ఏ పేజీలోనూ ఇమడదు. దీన్ని పూర్వజన్మ మీదికి నెట్టడం తేలిక, కానీ అది సోమాలియా రైతును నిందించడమే అవుతుంది.

పైగా ఇక్కడ కర్త ఎవరు? ఆ వేసవిలో ఐదు లక్షల హెక్టార్లను కాల్చిన గాస్పర్స్ మౌంటెన్ మంట 2019 అక్టోబరులో పిడుగు వల్ల అంటుకుంది. అడవి ఎందుకు అంత ఎండి ఉందంటే, ఆస్ట్రేలియాలో రికార్డులు మొదలయ్యాక అదే అతి వేడి, అతి పొడి సంవత్సరం. దాని వెనుక బొగ్గు, పెట్రోలు కాల్చిన రెండు శతాబ్దాలు ఉన్నాయి. ఆ ఏడాదికి ప్రత్యేకమైన కారణం మరొకటి, హిందూ మహాసముద్రపు ద్విధ్రువం. పడమటి వైపు నీరు వేడెక్కి తూర్పు వైపు చల్లబడటం. అదే ద్విధ్రువం భారత రుతుపవనాలకు అండగా నిలిచిన కారణాల్లో ఒకటి. ఆ ఏడాది దేశంలో వర్షపాతం సగటు కంటే పది శాతం ఎక్కువ. ఆగస్టులో శ్రీశైలం గేట్లు, ఆ వెంట నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు; నురగలు కక్కుతున్న కృష్ణను చూడటానికి జనం కార్లు కట్టుకుని వెళ్లారు. తక్కెడలో ఒక పళ్లెం మనది, ఇంకో పళ్లెం వాళ్లది. ఇందులో మన పుణ్యం ఏదీ లేదు, వాళ్ల పాపమూ లేదు.

పొగ చల్లబరుస్తుందంటే మంచిదేగా అనేవాళ్లూ ఉన్నారు. మనుషులు గాలిలో వదిలిన రేణువులన్నీ కలిసి, చాలావరకు మేఘాల ద్వారానే, చదరపు మీటరుకు సుమారు 1.1 వాట్ల వేడిని అడ్డుకుంటున్నాయని 2021లో ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ అంచనా వేసింది. ఒక్క బొగ్గుపులుసు వాయువు తెచ్చిపెట్టిన అదనపు వేడి 2.16 వాట్లు. అయితే రేణువులు వారాల్లో రాలిపోతాయి, వాయువు శతాబ్దాలు ఉంటుంది. ఆ వేసవి ఆస్ట్రేలియా మంటలు వదిలిన వాయువు 71 కోట్ల టన్నుల దాకా ఉంటుందని ఒక అంచనా. ఆ దేశం ఏడాదంతా కార్లు, కర్మాగారాలతో వదిలేదానికంటే అది ఎక్కువ. అడవి మళ్లీ పెరిగితే కొంత వెనక్కి తీసుకుంటుంది, పెరిగేలోగా మళ్లీ కాలకపోతే. తక్షణ ఫలం చల్లన, దీర్ఘ ఫలం వేడి. కఠోపనిషత్తులో యముడు నచికేతుడి ముందు పెట్టిన ప్రేయస్సు, శ్రేయస్సు ఇంత అచ్చంగా డిగ్రీల్లో కొలతకు రావడం అరుదు.

ఆ మంటలు చల్లారిన 2020 మార్చిలోనే, గ్రేట్ బ్యారియర్ రీఫ్ మీద ఒక పడవ నుంచి సముద్రపు నీటిని సన్నని తుంపరగా గాలిలోకి చిమ్మే ప్రయోగం మొదలైంది. మేఘాలను తెల్లబరిచి పగడపు దిబ్బలకు నీడ పట్టాలని ఆశ. అడవి తనంతట తాను కాలి పసిఫిక్ మీద చేసిన పనినే మనిషి తెలిసి చేయబోవడం అన్నమాట. పొగకు లేని యజమాని ఇక్కడ ఉంటాడు. అప్పుడు ఎక్కడో వాన తప్పితే అడిగేవాడికి ఒక చిరునామా దొరుకుతుంది. ఆ చిరునామాకు జవాబుదారీ ఎవరన్న చర్చ ఇంకా సరిగ్గా మొదలే కాలేదు.

ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్న్‌హెమ్ లాండ్‌లో నిప్పుతో వేల ఏళ్లు కాపురం చేసినవాళ్లు ఉన్నారు. అక్కడి ఆదివాసులకు నేలను కాల్చడం విధి. కాల్చకుండా వదిలేసిన నేలను అనాథలా చూస్తారు. వానాకాలం ముగియగానే, గడ్డి ఇంకా సగం పచ్చిగా ఉండగా, కొద్దికొద్దిగా అంటిస్తూ పోతారు. ఆకు కాలుతుంది, చెట్టు కాలదు. ఎండలు ముదిరాక పిడుగు పడితే ఆ నల్లటి పట్టీల దగ్గర పెద్ద మంట ఆగిపోతుంది. తెల్లవారి పాలనలో జనం ఊళ్లకు తరలి ఈ పని ఆగిపోయింది. మళ్లీ మొదలయ్యాక, 2006 నుంచి, దానివల్ల తగ్గిన వాయువుల లెక్క కట్టి డార్విన్‌లోని ఒక సహజవాయు కర్మాగారం వాళ్లకు ఏటా డబ్బు చెల్లిస్తూ వచ్చింది. ఒకరి పాపానికి ఇంకొకరు ప్రాయశ్చిత్తం చేసి కూలి తీసుకోవడం ఏ ధర్మశాస్త్రం కింద వస్తుందో గానీ, ఆ కూలితో అక్కడి ఆదివాసీ రేంజర్లు బతికారు.

వాళ్లు అంటించేది ఎక్కువగా మే, జూన్ నెలల్లో. పొగ లేస్తుంది, చెట్ల నెత్తిన కాసేపు తచ్చాడుతుంది, మేఘం కాదు. పొద్దుగూకాక గాలి పడిపోతుంది, గడ్డి మీద మంచు దిగుతుంది. నిప్పు చాలాచోట్ల రాత్రికే ఆరిపోతుంది.